సోయాకు, పెసరకు రైజోబియం పట్టించినా తేడా ఎందుకు కనిపించడం లేదు?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. రెండేళ్లుగా సోయా చిక్కుడుకూ పెసరకూ రైజోబియం కల్చర్ (వేళ్లకు బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా పొడి) పట్టించి విత్తుతున్నారు. పోల్చి చూడడానికి రెండింటిలోనూ కొన్ని సాళ్లు కల్చర్ లేకుండా వదిలారు. సోయాలో మొదటి ఏడాది పచ్చదనంలో స్పష్టమైన తేడా కనిపించింది, రెండో ఏడాది అంతగా కనిపించలేదు. పెసరలో రెండేళ్లూ ఏ తేడా లేదు. అందువల్ల ఈ బ్యాక్టీరియా ఎరువులు నిజంగా పనిచేస్తాయా, పనిచేసేటట్లయితే యూరియా పూర్తిగా మానేయవచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, పనిచేస్తాయి, కానీ ఆ పంటకు సరిపడే బ్యాక్టీరియా నేలలో లేనిచోట మాత్రమే తేడా కంటికి కనిపిస్తుంది. సోయాకు కావలసిన జాతి కొత్తగా సోయా వేసే నేలల్లో సాధారణంగా ఉండదు, అందుకే మొదటి ఏడాది తేడా వచ్చింది. ఆ పంటతోనే అది మీ నేలలో స్థిరపడింది, కల్చర్ పట్టించని సాళ్లకూ దుక్కితో, నీటితో చేరింది. రెండో ఏడాది తేడా తగ్గడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం ఇదే. పెసరకు సరిపోయే జాతులు చాలా నేలల్లో ముందునుంచే ఉంటాయి కాబట్టి అక్కడ మీరు పట్టించినా పట్టించకపోయినా మొక్కకు బుడిపెలు కట్టి ఉండవచ్చు. యూరియా విషయానికి వస్తే, బుడిపెలు బాగా కట్టిన సోయాకు, పెసరకు విత్తేటప్పుడు వేసే కొద్దిపాటి నత్రజనికి మించి అవసరం లేదు. అయితే మానేయాలా వద్దా అన్నది ఆకు చూసి కాదు, వేరు తవ్వి చూసి నిర్ణయించుకోవాలి. నా సమాధానంలో అసలు విషయం ఇదే. మిగిలినదంతా దానికి వివరణ.

నేను పద్నాలుగేళ్లు జీవన ఎరువుల తయారీలో నాణ్యత పరీక్షలు చేశాను, ఆ తరువాత రైతులతో కలిసి పొలాల్లో ఈ కల్చర్లను పరీక్షిస్తూ వచ్చాను. ప్రయోగశాలలో బాగున్న కల్చర్ పొలంలో విఫలం కావడమూ, పొలంలో విఫలమైందని తిట్లు తిన్న కల్చర్‌లో నిజానికి ఏ దోషమూ లేకపోవడమూ రెండూ చూశాను.

ఇది పేరుకే ఎరువు

జీవన ఎరువు అన్న పేరులోనే కొంత తికమక ఉంది. యూరియా సంచిలో నత్రజని ఉంటుంది. రైజోబియం పాకెట్టులో చెప్పుకోదగ్గ నత్రజని ఏమీ ఉండదు. అందులో ఉన్నది బొగ్గుపొడి, లిగ్నైట్ లేదా పీట్ వంటి ఆధారంలో బతికి ఉన్న బ్యాక్టీరియా. ఒక రకంగా మీరు విత్తనంతోపాటు మరో విత్తనాన్ని నాటుతున్నారు. అది బతికి వేరును చేరితే ఫలితం ఉంటుంది, చస్తే ఉండదు. సగం చచ్చినా పాకెట్టు రంగూ వాసనా మారవు. ఎరువును కొన్నట్టు దీన్ని కొని, ఎరువును నిల్వ చేసినట్టు నిల్వ చేసి, ఎరువుతో కలిపి చల్లడం వల్లనే సగానికి సగం నిరాశలు వస్తున్నాయని నా అనుభవం.

పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకుంటాయనీ, అది వేరు బుడిపెల వల్లనే జరుగుతుందనీ 1886-88 మధ్య హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయరింక్ ఆ బుడిపెల నుంచి బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. 1896 నాటికే నోబె, హిల్ట్‌నర్ దాన్ని అమ్మకపు సరుకుగా చేసి పేటెంటు తీసుకున్నారు. ఇంత పాత సాంకేతికత ఇంకా పొలాల్లో తడబడుతోందంటే లోపం శాస్త్రంలో లేదు, అది చేతులు మారే దారిలో ఉంది.

వేరు నుంచి వెలువడే ఫ్లేవనాయిడ్ పదార్థాలను తనకు సరిపోయే బ్యాక్టీరియా గుర్తుపడుతుంది, బదులుగా తన సంకేత పదార్థాన్ని పంపుతుంది, అప్పుడు వేరు నూగు కొక్కెంలా వంగి దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఈ పిలుపు, మారుపలుకు రెండూ కుదిరితేనే బుడిపె పుడుతుంది. అందుకే ఏ పంటకు ఏ జాతి అన్నది ఇంత ముఖ్యం. సోయాకు బ్రాడీరైజోబియం జపానికమ్, దాని దగ్గరి బంధువులు కావాలి. శనగకు మీసోరైజోబియం కావాలి, అది పెసరకు పనికిరాదు. బఠాణీ, మసూర ఒకే జాతిని పంచుకుంటాయి. మెంతి, లూసర్న్ మరో జాతిని పంచుకుంటాయి. పెసర, మినుము, అలసంద, కంది, వేరుశనగలు మాత్రం అంత పట్టింపు లేనివి. బ్రాడీరైజోబియంలో చాలా రకాలతో ఇవి జత కడతాయి. ఆ రకాలు అడవి చిక్కుళ్ల మీదా, కలుపు మొక్కల మీదా బతుకుతూ నేలలో ఉండనే ఉంటాయి. పాకెట్టు మీద రైజోబియం అని మాత్రమే రాసి ఏ పంటకో రాయకపోతే దాన్ని తీసుకోకండి. అన్ని పప్పుధాన్యాలకూ ఒకటే అని రాసి ఉంటే నేనైతే ఇంకా ఎక్కువ అనుమానిస్తాను.

నేలలో ముందే ఎన్ని ఉన్నాయి

గ్రాము మట్టిలో ఆ పంటకు సరిపడే కణాలు పది లోపు ఉన్నచోట కల్చర్ పట్టిస్తే తేడా దాదాపు ఖాయంగా కనిపిస్తుంది. వెయ్యి దాటి ఉన్నచోట కనిపించడం అరుదు, ఎందుకంటే గింజ చుట్టూ మీరు పెట్టినవి ఒక చిన్న ముద్ద మాత్రమే, వేరు మాత్రం రోజురోజుకూ కొత్త మట్టిలోకి పోతుంది, అక్కడ స్థానిక జాతులు కాచుకుని ఉంటాయి. మధ్యలో ఉన్న నేలల్లో ఫలితం ఆ ఏటి వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. మరో చిక్కు ఏమిటంటే, బుడిపె కట్టించడంలో పోటీ గెలిచే స్థానిక జాతి నత్రజని స్థిరీకరణలో బద్ధకంగా ఉండవచ్చు. బుడిపెలు నిండుగా ఉన్నా మొక్క పాలిపోయి ఉన్న పొలాలు అందుకే కనిపిస్తాయి.

దీన్ని నేను అన్నిటికన్నా స్పష్టంగా చూసింది ఒక సోయా పొలంలో. ఆ నేలలో అంతకుముందు సోయా ఎప్పుడూ వేయలేదు. విత్తుతుండగా కల్చర్ పట్టించిన విత్తనం అయిపోయింది. కూలీలు ఆగకుండా మిగిలిన సంచిలోని పట్టించని విత్తనాన్ని గొర్రు జడ్డిగంలో పోసి చివరి నాలుగు సాళ్లు పూర్తి చేశారు. నలభయ్యో రోజున గట్టు మీద నిలబడి చూస్తే ఆ నాలుగు సాళ్లు పసుపు రిబ్బను పరిచినట్టు ఉన్నాయి. రెండు వైపులా రెండేసి మొక్కలు పారతో తవ్వి బకెట్ నీళ్లలో ముంచి కడిగాం. పసుపు మొక్క వేళ్లు కడిగిన నూలు పోగుల్లా నున్నగా వచ్చాయి, ఒక్క బుడిపె లేదు. పక్క సాలు మొక్కకు తల్లివేరు పైభాగాన, నేలకు రెండు మూడు అంగుళాల లోపు, బఠాణీ గింజంత బుడిపెలు గుత్తిగా అంటుకుని ఉన్నాయి. ఆ రైతుకు నేను ఇంకేమీ వివరించవలసిన అవసరం రాలేదు.

వేరు తవ్వి చూడడం ఎలా

మొలిచిన రెండు మూడు వారాలకు బుడిపెలు కంటికి కనిపించే పరిమాణానికి వస్తాయి. నాలుగో వారం ప్రాంతంలో అవి మొక్కకు నత్రజని అందించడం మొదలుపెడతాయి. పూత నుంచి కాయ ఊరే దశ వరకు పని ముమ్మరంగా సాగి, ఆ తరువాత గింజల వైపు చక్కెరలు మళ్ళడంతో బుడిపెలు ముసలివై కుళ్ళిపోతాయి. కాబట్టి చూడవలసిన సమయం ఐదో వారం నుంచి పూత వరకు. కోతకు ముందు తవ్వి బుడిపెలు లేవని బాధపడితే అర్థం లేదు. పెసర, మినుము త్వరగా పూతకు వస్తాయి కాబట్టి వాటిని నాలుగో వారం చివరనే చూడాలి.

మొక్కను చేత్తో పీకకండి. పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి, మీకు ఉత్త వేరు చేతికొస్తుంది, కల్చర్ పనిచేయలేదన్న తప్పు నిర్ణయానికి వస్తారు. నేల తడిగా ఉన్నప్పుడు మొక్కకు జానెడు దూరంలో నాలుగు వైపులా పార దింపి, మట్టిగడ్డతో సహా ఎత్తి, నీళ్లలో పావుగంట నాననిచ్చి, ఊపుతూ మట్టిని వదిలించాలి. పొలంలో వేర్వేరు చోట్ల నుంచి పది మొక్కలైనా చూడాలి; గట్టు పక్కన ఒక మొక్క చూసి తేల్చకూడదు.

తరువాత బుడిపెను గోరుతో గాని బ్లేడుతో గాని అడ్డంగా కోయండి. లోపల గులాబీ లేదా నెత్తురు ఎరుపు రంగు ఉంటే అది పనిచేస్తోంది. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది, కానీ బ్యాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కొలిచినట్టు అందిస్తూ తీరుస్తుంది. లోపల తెల్లగా ఉంటే బుడిపె ఇంకా లేతదైనా అయి ఉండాలి, లేదా పనికిమాలిన జాతి కట్టినదైనా అయి ఉండాలి. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే పని ముగిసిపోయింది. బుడిపెలు ఎక్కడ ఉన్నాయో కూడా చూడండి. తల్లివేరు పైభాగంలో గుత్తిగా ఉంటే గింజకు పట్టించిన కల్చర్ పనిచేసిందనడానికి మంచి సూచన. పక్కవేళ్ల మీద దూరదూరంగా చిన్నచిన్నవి చెదిరి ఉంటే అవి ఎక్కువగా నేలలోని స్థానిక జాతులవే. ఇది పక్కా నిరూపణ కాదు గాని పొలంలో నిలబడి చేయగల అంచనాల్లో ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

ఒక హెచ్చరిక. నులిపురుగులు కట్టించే వేరు ముడులను బుడిపెలుగా పొరపడేవారు చాలామంది ఉన్నారు. బుడిపె వేరు పక్కన అతికించినట్టు ఉంటుంది, వేలితో తోస్తే ఊడి వస్తుంది. నులిపురుగు ముడి వేరే ఉబ్బినట్టు ఉంటుంది, దాన్ని వేరు తెగకుండా ఊడదీయలేరు. ఒకసారి నాకు ఎంతో ఉత్సాహంగా చూపించిన బుడిపెలు అన్నీ నులిపురుగు ముడులే.

యూరియా మానేయవచ్చా

ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి బుడిపెలో కనీసం 16 ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థం) అణువులు ఖర్చవుతాయి. ఆ శక్తి అంతా మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెర నుంచే రావాలి. నేలలో నైట్రేటు (వేరు నేరుగా పీల్చుకోగల నత్రజని రూపం) సులువుగా దొరుకుతుంటే మొక్క ఆ ఖర్చు పెట్టదు. కొత్త బుడిపెలను అడ్డుకుంటుంది, ఉన్నవాటికి ఆహారం తగ్గిస్తుంది. కాబట్టి కల్చరూ పట్టించి యూరియా దండిగా చల్లడమంటే ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో తీసేయడమే.

అలాగని మొదట్లో ఏమీ వేయకూడదని కాదు. గింజలోని నిల్వ అయిపోయి బుడిపెలు ఇంకా పని మొదలుపెట్టని రోజుల్లో, అంటే రెండో మూడో వారాల్లో, మొక్క కొంత పాలిపోతుంది. తేలిక నేలల్లో హెక్టారుకు 20 కిలోల వరకు నత్రజని విత్తేటప్పుడు వేస్తే ఆ దశ దాటుతుంది. సేంద్రియ పదార్థం బాగా ఉన్న నేలల్లో అదీ అక్కరలేదు. మూడో వారంలో పాలిపోయిందని కంగారుపడి యూరియా చల్లినవారు, తరువాత పది రోజుల్లో దానంతటదే వచ్చే పచ్చదనాన్ని యూరియా ఖాతాలో వేసుకుంటారు. మీరు ఆ పది రోజులు ఆగి చూడండి.

ఎంత నత్రజని సమకూరుతుందన్న దానికి ఒక మోటు లెక్క ఉంది: బాగా బుడిపెలు కట్టిన పప్పుజాతి పంట, నేలపైన పెరిగిన టన్ను ఎండు పదార్థానికి సుమారు 20 కిలోల నత్రజనిని గాలి నుంచి తెచ్చుకుంటుంది. అంటే మొక్క ఎంత పెరిగితే అంత. ఎండకు, తెగులుకు, భాస్వరం కొరతకు పెరుగుదల ఆగితే ఎంత మంచి కల్చర్ పట్టించినా నత్రజని రాదు.

పప్పుధాన్యం వేస్తే నేలకు నత్రజని మిగిలిపోతుందన్న మాట మీద కూడా కొంత జాగ్రత్త అవసరం. సోయా గింజలో దాదాపు 6 శాతం నత్రజనే. హెక్టారుకు 2 టన్నుల గింజ తీశారంటే పొలం నుంచి సుమారు 120 కిలోల నత్రజని, అంటే 260 కిలోల యూరియాలో ఉన్నంత, బయటికి పోయింది. స్థిరీకరించినది అంతకన్నా ఎక్కువైతేనే నేలకు మిగులు. మొక్కను వేళ్లతో సహా పీకి కట్టకట్టి తీసుకుపోయే చోట మిగులు మాట మరచిపోవడం మంచిది. ఆకు రాల్చే కందిలోనూ, కోసిన తరువాత పైరును నేలలో కలియదున్నే పెసరలోనూ అది నిజంగా ఉంటుంది.

ఫ్రెంచి చిక్కుడును మాత్రం ఈ లెక్కలో చేర్చకండి. అది నత్రజని స్థిరీకరణలో బలహీనమైన పంట. దానికి ఎరువు రూపంలో నత్రజని వేయవలసే ఉంటుంది.

పట్టించేటప్పుడు జరిగే తప్పులు

సోయా వంటి పెద్ద గింజకు, విత్తే సమయానికి ఒక్కో గింజ మీద లక్ష బతికున్న కణాలు ఉండాలన్నది చాలాచోట్ల పాటించే లక్ష్యం. గ్రాముకు 10 కోట్ల కణాలున్న కల్చర్‌ను కిలో విత్తనానికి 20 గ్రాముల చొప్పున పట్టిస్తే మొత్తం 200 కోట్లు. కిలోకు 7,000 గింజలు అనుకుంటే గింజకు సుమారు 2.9 లక్షలు వస్తాయి. ఆరేటప్పుడే అందులో చాలా భాగం చస్తుంది కాబట్టి మీ చేతిలో ఉన్న మిగులు చాలా తక్కువ. అదే పాకెట్టు ఎండవేడిలో నిల్వ ఉండి సంఖ్య పదో వంతుకు పడిపోయిందంటే ఆదిలోనే లక్ష్యానికి అందరు.

నా పాత ఉద్యోగంలో, రేకుల కప్పు కింద వేసవి గడిపిన కల్చర్ పెట్టెలు ఒకసారి తిరిగి పరీక్షకు వచ్చాయి. గడువు తేదీ ఇంకా రెండు నెలలు ఉంది, సంచి చెక్కుచెదరలేదు. కానీ గ్రాముకు కోట్లలో ఉండవలసిన కణాలు వేలల్లోకి దిగిపోయాయి. గడువు తేదీ అన్నది చల్లగా నిల్వ చేసినప్పటి మాట. 25 డిగ్రీల లోపు ఉంటే మంచిది, 40 డిగ్రీలు దాటితే రోజుల్లోనే పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. కారు వెనక డిక్కీలో, ఇంజను షెడ్డులో, పురుగుమందుల పక్కన పెట్టకండి.

ప్రయోగశాలలో కాంగో రెడ్ అనే రంగు కలిపిన పోషక మాధ్యమంలో నమూనాను పెంచుతాం. రైజోబియం కాలనీలు ఆ రంగును పెద్దగా పీల్చుకోకుండా తెల్లగా, జిగురు బిందువుల్లా మెరుస్తాయి, కలుషితాలు ఎక్కువగా ఎర్రబడతాయి. సోయా రైజోబియం నిదానపు జీవి, కంటికి కనిపించే కాలనీ కట్టడానికి దానికి వారం వరకు పడుతుంది. సోయా కల్చర్ నమూనా రెండో రోజుకే పెట్రీ పళ్ళెం నిండా కాలనీలు చూపిస్తే కొత్తగా చేరిన కుర్రవాళ్లు సంతోషించేవారు. దానర్థం పాకెట్టులో సోయా రైజోబియం తప్ప మిగతావన్నీ ఉన్నాయని.

పట్టించే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అయినా తప్పులు జరిగే చోట్లు చెబుతాను. పది శాతం బెల్లం ద్రావణాన్ని కాచి, పూర్తిగా చల్లార్చిన తరువాతే కల్చర్ కలపాలి. గోరువెచ్చగా ఉందిలే అనుకున్న ద్రావణం చాలాసార్లు బ్యాక్టీరియాకు మరుగునీరే. గింజ తడిసి ఉబ్బకూడదు, పైపొర మీద నల్లటి పూత పట్టేంత తేమ చాలు. నీడలో ఆరబెట్టి అదే రోజు, వీలైతే కొద్ది గంటల్లోనే విత్తాలి. రేపటికి ఉంచిన విత్తనానికి మళ్ళీ పట్టించాలి.

విత్తన శుద్ధి మందులు వాడుతుంటే ముందు శిలీంధ్రనాశిని, తరువాత పురుగుమందు, అవి ఆరిన తరువాత చివరగా రైజోబియం అన్న వరస పాటించాలి. రాగి కలిసిన మందులూ, కాప్టానూ రైజోబియానికి బాగా హాని చేస్తాయి. థైరమ్ కొంత నయం. మందు తప్పదనుకుంటే కల్చర్ మోతాదు రెట్టింపు చేయండి. అంతకన్నా మేలైనది, గింజకు మందు మాత్రమే పట్టించి, కల్చర్‌ను మాగిన మెత్తటి పశువుల ఎరువులో కలిపి విత్తనం పడే సాలులో వేయడం. వేరుశనగకు నేను ఈ పద్ధతే చెబుతాను. దాని పలుచటి పొర తడికి ఊడిపోతుంది, పొర ఊడిన గింజ మొలక దెబ్బతింటుంది.

సూపర్ ఫాస్ఫేటు, డీఏపీ వంటి ఎరువులతో కల్చర్‌ను ఒకే పాత్రలో కలపవద్దు. వాటి ఉప్పుదనమూ, సూపర్ ఫాస్ఫేటు ఆమ్లత్వమూ దాన్ని చంపుతాయి. మాలిబ్డినం ఉప్పును కూడా గింజ మీద కల్చర్‌తో కలిపి పట్టించకండి. నైట్రోజినేజ్‌కు మాలిబ్డినం అవసరమే, కానీ గింజ మీద ఉండే గాఢతలో అది రైజోబియానికి విషం కాగలదు. లోపం ఉంటే తరువాత ఆకుల మీద పిచికారీ చేయవచ్చు.

అన్నీ సరిగా చేసినా బుడిపెలు రాకపోతే

నేల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) చూడండి. 5.5 కన్నా తగ్గితే బ్యాక్టీరియా బతకడమే కాదు, వేరుతో దాని సంభాషణ కూడా దెబ్బతింటుంది, మాలిబ్డినం అందకుండా పోతుంది. అటువంటి నేలలో కల్చర్ పట్టించిన గింజకు మెత్తటి సున్నపురాయి పొడి పూత వేస్తే మొలిచే రోజుల్లో రక్షణ ఉంటుంది. పొడి సున్నపురాయిదే కావాలి. కాల్చిన సున్నం వాడితే గింజ మీద ఒక్క కణం మిగలదు. నీరు నిలిచిన నేలలో ఆక్సిజన్ అందక బుడిపెలు పని ఆపేస్తాయి, నీరు తీసిన తరువాత కోలుకోవడానికి రోజులు పడుతుంది. భాస్వరం తక్కువైతే బుడిపెలు చిన్నవిగా, కొద్దిగా ఉంటాయి.

ఇందులో నా సొంత తప్పు ఒకటి ఉంది. ఒక రైతు ఏళ్ల తరబడి కూరగాయలు పండించిన మడిలో సోయా వేస్తానంటే, కొత్త పంట కాబట్టి కల్చర్ పట్టిస్తే తేడా బ్రహ్మాండంగా ఉంటుందని ధీమాగా చెప్పాను. పంట ముదురు ఆకుపచ్చగా ఏపుగా పెరిగింది, నేను గర్వంగా తవ్వి చూశాను. మొక్కకు రెండో మూడో బుడిపెలు, అవీ కోస్తే తెల్లగా ఉన్నాయి. ఏటేటా వేసిన పెంట, యూరియా వల్ల ఆ మట్టిలో నైట్రేటు పుష్కలంగా ఉంది, మొక్కకు బ్యాక్టీరియాతో అవసరమే పడలేదు. ఆకు పచ్చదనాన్ని చూసి కల్చర్ పనిచేసిందని మురిసిపోవడం ఎంత తప్పో ఆ రోజు తెలిసింది.

ఆకు పసుపైనప్పుడు కూడా అంతా నత్రజని లోపం కాదు. నత్రజని లోపమైతే కింది ముదురు ఆకులు ముందు పాలిపోతాయి. పై లేత ఆకులు ముందు పాలిపోతే గంధకమో ఇనుమో లోపించి ఉండవచ్చు. సున్నం ఎక్కువున్న నేలల్లో సోయా లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి పసుపెక్కితే అది ఎక్కువగా ఇనుము లోపమే, దానికి రైజోబియాన్ని నిందించి లాభం లేదు.

ఏటా పట్టించాలా, మిగతా బ్యాక్టీరియాలు కూడా కలపాలా

గత మూడు నాలుగేళ్లలో అదే పొలంలో అదే పంటకు గులాబీ బుడిపెలు నిండుగా వచ్చి, నేల తటస్థంగా ఉంటే, ఒక ఏడాది పట్టించకపోయినా నష్టం ఉండకపోవచ్చు. ఆమ్ల నేలల్లో, వట్టి ఇసుక నేలల్లో, మధ్యలో వరి వేసి నెలల తరబడి నీరు నిలిపిన నేలల్లో, తీవ్రమైన ఎండలకు మట్టి కాలిపోయే చోట బ్యాక్టీరియా సంఖ్య పడిపోతుంది కాబట్టి అక్కడ ఏటా పట్టించడం మేలు. శనగను కొత్త పొలంలో వేసేటప్పుడు మాత్రం సోయా మాదిరిగానే తప్పనిసరిగా పట్టించండి.

భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను రైజోబియంతో కలిపి వాడవచ్చు, రెండూ సాధారణంగా సర్దుకుపోతాయి. కానీ దాని ఫలితాలు పొలం పొలానికీ మారతాయి, రైజోబియంలా బుడిపె కోసి చూసి తేల్చుకునే అవకాశం లేదు. నేలలో భాస్వరం మొత్తమే తక్కువగా ఉంటే కరిగించడానికి అక్కడ ఏమీ ఉండదు. అరడజను జాతులు ఒకే సీసాలో ఉన్నాయని చెప్పే మిశ్రమాల మీద నాకు నమ్మకం తక్కువ. ఒక్క జాతిని బతికించి ఇవ్వడమే ఎంత కష్టమో దగ్గరుండి చూసినవాణ్ని.

మీ పొలంలో ఈసారి ఏం చేయవచ్చు

సోయాలో మూడు పట్టీలు వదలండి, ఒక్కొక్కటి పది సాళ్లైనా ఉండాలి. ఒకటి కల్చర్ లేకుండా, రెండోది కల్చర్‌తో, మూడోది కల్చర్ లేకుండా యూరియాను రెండు మూడు దఫాలుగా బాగా వేసి. కల్చర్ లేని పట్టీలను ముందు విత్తండి, లేకపోతే గొర్రు గొట్టాల్లో అంటుకున్న నల్లపొడే వాటికీ చేరి పోలిక చెడుతుంది. యూరియా పట్టీ బాగుండి కల్చర్ పట్టీ వెనకబడితే బ్యాక్టీరియా విఫలమైనట్టు. మూడూ ఒకేలా బాగుంటే వేళ్లను తవ్వండి: కల్చర్ లేని పట్టీలో కూడా గులాబీ బుడిపెలు ఉంటే నేలలోనే సరిపడా బ్యాక్టీరియా ఉంది, అక్కడ కూడా లేకపోతే మట్టిలోనే నత్రజని దండిగా ఉంది. మూడూ ఒకేలా పేలవంగా ఉంటే మీ సమస్య నత్రజని కాదు, భాస్వరమో నీరో పీహెచ్చో చూడాలి. పెసరలో ఇంత హంగామా అవసరం లేదు. పట్టించనిచోట పది మొక్కలు తవ్వండి, గులాబీ బుడిపెలు ఉంటే అక్కడ మీకు తేడా కనిపించకపోవడానికి కారణం దొరికినట్టే.

ఐదో వారంలో తవ్వినప్పుడు కోసిన బుడిపె లోపలి రంగు, బుడిపెలు తల్లివేరు మీద ఉన్నాయా పక్కవేళ్ల మీద ఉన్నాయా అన్నది, నేల పీహెచ్, అంతకు ముందు పంటకు వేసిన ఎరువుల వివరాలు రాయండి. ఆ నాలుగూ తెలిస్తే మీ సోయా రెండో ఏడాది విషయంలో నేను పైన చెప్పిన ఊహ నిలుస్తుందో లేదో చెప్పగలను.